మాటల చికిత్స: పరీక్షకు నిలిచిందెంత?

(సొసైటీ వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగం. సావనీరు కోసం కొద్దిగా సరిచేసి ఇస్తున్నాను.)





ప్రతి ఏడాదీ ఈ సభలో నాకు అప్పగించే పని ఒకటే, స్కాలర్‌షిప్పుల లెక్క చదవడం. ఎంతమంది పదో తరగతి దాటారు, ఎంతమంది ఆడపిల్లలు ఇంటర్లో చేరారు, ఎవరికి ఎంత ఫీజు కట్టాం, ఇవి చదివి దిగిపోతాను. లెక్కల టీచర్ని కాబట్టి అది నాకు తేలిక. ఈసారి కార్యదర్శిగారు వేరే పని పెట్టారు. దానికి కారణం ఒక దరఖాస్తు.

మన వైద్య సహాయ కమిటీకి డయాలిసిస్‌కని, కంటి ఆపరేషన్‌కని, స్టెంట్లకని దరఖాస్తులు వస్తుంటాయి. వాటికి స్కానింగు ఉంటుంది, రిపోర్టు ఉంటుంది, ఆసుపత్రి ఎస్టిమేటు ఉంటుంది. రంజాన్ తర్వాత వచ్చిన ఒక దరఖాస్తుకు ఇవేవీ లేవు. ఇరవై ఆరేళ్ల అమ్మాయి వారానికోసారి క్లినికల్ సైకాలజిస్టు దగ్గర కూర్చుని మాట్లాడాలి, అలా ఏడాది పాటు, దానికి ఫీజు కావాలి. జబ్బు పేరు దగ్గర డాక్టరు 'బోర్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్' అని రాశారు. ఆ కుటుంబం ఒప్పుకున్నాకే, ఆనవాళ్లు మార్చి మీకు ఈ సంగతి చెబుతున్నాను.

కమిటీలో అందరికంటే పెద్దాయన హాజీ సాబ్ కాగితం తిప్పి చూసి, "మాట్లాడటానికి డబ్బులేమిటి బేటీ? మాట్లాడటానికి మనమంతా లేమా?" అన్నారు. పక్కనున్న ఇంకొక సభ్యుడు, "ఇది జబ్బు కాదండీ, బుద్ధి. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదు" అన్నారు. ఇద్దరూ కఠినులు కారు. ఎంతోమందికి చేయూతనిచ్చినవాళ్లు. దాతల సొమ్ము ఖర్చు పెట్టేవాళ్లు అడగాల్సిన ప్రశ్నలే అడిగారు. మాటలతో జబ్బు తగ్గుతుందని ఎవరైనా తేల్చారా? బుద్ధి మారుతుందా? నేనూ ఆ కమిటీలో ఉన్నాను. ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. దరఖాస్తు వాయిదా వేశారు. తెలుసుకుని వచ్చి చెప్పమని నాకు పురమాయించారు. వేసవి సెలవులు దానికే పోయాయి. నేను డాక్టర్ని కాను. బి.ఇడి. చదివిన టీచర్ని. పరీక్ష పెట్టడం, మార్కులు వేయడం, ఆ మార్కులను ఎంతవరకు నమ్మాలో చూడటం, నాకు తెలిసినవి ఇవే. ఆ కళ్లతోనే చూశాను.

ముందు జబ్బు సంగతి. కోపం, భయం, అలక అందరికీ ఉంటాయి. కొందరిలో ఆలోచించే తీరు, బాధపడే తీరు, మనుషులతో మెలిగే తీరు చిన్న వయసులోనే ఒక మూసలో గట్టిపడిపోతాయి. ఏళ్ల తరబడి అలాగే సాగుతూ వాళ్లనూ చుట్టుపక్కలవాళ్లనూ బాధపెడతాయి. దాన్ని వ్యక్తిత్వ రుగ్మత అంటారు. అందులో చాలా రకాలున్నాయి. ఎక్కువ పరిశోధన జరిగింది బోర్డర్‌లైన్ అనే రకం మీద. ఆ పేరు అంత సరైనది కాదు. 1938లో అడాల్ఫ్ స్టెర్న్ అనే అమెరికా వైద్యుడు, మామూలు మానసిక బాధకూ పిచ్చికీ మధ్య సరిహద్దు మీద ఉన్నవాళ్లని అనుకుని ఆ మాట వాడాడు. ఆ ఆలోచన పాతబడింది, పేరు మిగిలిపోయింది. 1980లో అమెరికా మానసిక వైద్యుల అధికారిక పుస్తకంలోకి ఎక్కింది.

ఇప్పుడు ఆ పుస్తకంలో తొమ్మిది లక్షణాలు రాశారు. నన్ను వదిలేస్తారేమో అన్న విపరీతమైన భయం, ఇవాళ దేవత అనుకున్న మనిషి రేపు శత్రువుగా కనిపించడం, ఆపుకోలేని కోపం, లోపల ఎప్పుడూ ఖాళీగా ఉన్నట్టు అనిపించడం, తనను తాను గాయపరచుకోవడం, ఇలాంటివి. తొమ్మిదిలో ఐదు ఉంటే జబ్బు ఉన్నట్టు. లెక్కల టీచర్ని కదా, ఊరుకోలేక వేసి చూశాను. తొమ్మిదిలో ఐదు లేదా అంతకన్నా ఎక్కువ కలిసే తీరులు 256 వస్తాయి. ఇద్దరికి ఒకే జబ్బు ఉన్నా, ఇద్దరిలోనూ కనిపించే లక్షణం ఒక్కటే కావచ్చు. "మా బంధువుల అమ్మాయికీ ఇదే ఉంది, ఆమె ఇలా లేదే" అని పోల్చేవాళ్లు ఈ సంఖ్య గుర్తుంచుకోవాలి.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో తొమ్మిదో తరగతిలో ఒక అమ్మాయి ఉండేది. పొద్దున్నే గులాబీ పువ్వు తెచ్చి నా టేబుల్ మీద పెట్టేది. నేను ఇంకో పిల్ల నోట్సు బాగుందని అంటే, మధ్యాహ్నానికి తన నోట్సు చింపేసేది. సెలవు పెట్టి మర్నాడు వస్తే, "నన్ను వదిలేసి వెళ్లిపోయారనుకున్నా మేడం" అని ఏడ్చేది. ఒకరోజు చేతికి కట్టుతో వచ్చింది. ఎందుకని అడిగితే నవ్వింది. ఆ నవ్వు నాకు కోపం తెప్పించింది. "నీ నటన చాలించి పుస్తకం తియ్యి" అన్నాను, యాభై మంది ముందు. ఆ తర్వాత ఆ అమ్మాయి బడికి రాలేదు. ఆ పిల్లకు ఈ జబ్బే ఉందని నేననను. ఆ వయసు పిల్లలకు తొందరపడి పేరు పెట్టకూడదు. కానీ అది నటన కాదని నాకు ఇప్పుడు తెలుసు. కమిటీలో ఆ "బుద్ధి" అన్న మాట వినగానే నాకు నా గొంతే వినిపించింది.

బుద్ధి మారుతుందా అన్న ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను. బోస్టన్ నగరం దగ్గర మెక్‌లీన్ ఆసుపత్రి ఉంది. అక్కడ మేరీ జానరీని అనే పరిశోధకురాలు ఈ జబ్బుతో ఆసుపత్రిలో చేరిన 290 మందిని ఎంచుకుని, రెండేళ్లకోసారి వెతికి పట్టుకుని, ఎలా ఉన్నారో నమోదు చేస్తూ వచ్చారు. పదేళ్ల లెక్క 2010లో వెలువడింది. 93 శాతం మందిలో లక్షణాలు కనీసం రెండేళ్ల పాటు జబ్బు అనదగిన స్థాయి కిందకు దిగిపోయాయి. అయితే లక్షణాలు తగ్గడమే కాక, చదువో ఉద్యోగమో సాగుతూ, నలుగురితో మంచిగా ఉండగలిగే స్థితికి వచ్చినవాళ్లు సగం మందే. అంటే గొడవ తగ్గుతుంది గాని జీవితం నిలదొక్కుకోవడానికి ఇంకా కష్టపడాలి. ఏమైనా, పుడకల దాకా ఆగనక్కర్లేదు.

ఇదే లెక్క ఇంకో చిక్కు తెచ్చిపెడుతుంది. మన ఊళ్లలో కామెర్లకు పసరు పోస్తారు. కలుషిత నీటి వల్ల వచ్చే కామెర్లు చాలామందిలో కొన్ని వారాలకు వాటంతటవే తగ్గిపోతాయి. పేరు మాత్రం పసరు పోసినవాడికి వస్తుంది. ఈ జబ్బు కూడా ఏళ్లు గడిచేకొద్దీ తగ్గేదే అయితే, ఆ ఏళ్లలో ఎవరి దగ్గర కూర్చుని మాట్లాడినా, "నా మాటల వల్లే తగ్గింది" అని ఎవరైనా చెప్పుకోవచ్చు. కౌన్సిలరు చెప్పుకోవచ్చు, తావీజు కట్టినాయనా చెప్పుకోవచ్చు. కాబట్టి ఎంతమందికి తగ్గిందని అడిగితే చాలదు. ఈ చికిత్స లేనివాళ్లకన్నా ఎంత ఎక్కువ తగ్గిందని అడగాలి.

బి.ఇడి.లో మాకు ఇదే నేర్పారు. కొత్త బోధనా పద్ధతిని ఎ సెక్షన్‌లో వాడి, పాత పద్ధతిని బి సెక్షన్‌లో ఉంచి, చివర రెంటికీ ఒకే పరీక్ష పెట్టాలి. కానీ తెలివైన పిల్లలంతా ముందే ఎ సెక్షన్‌లో ఉంటే ఆ ఫలితం చెల్లదు. అందుకని చీటీలు వేసి పిల్లల్ని పంచాలి. మందుల్ని పరీక్షించేవాళ్లు చేసేదీ అదే. మందుకు ఒక సదుపాయం ఉంది. అచ్చం అలాగే కనిపించే ఉత్తి మాత్ర ఇవ్వవచ్చు, ఎవరు ఏది మింగారో రోగికి తెలియదు. మాటకు ఆ వీలు లేదు. ఎదుట కూర్చుని మాట్లాడుతున్నారో లేదో మనిషికి తెలియకుండా ఎలా ఉంటుంది? అందుకని కనీసం మార్కులు వేసేవాళ్లకైనా ఎవరు ఏ గుంపో తెలియకుండా చూస్తారు. మన పబ్లిక్ పరీక్షల్లో పేపర్లకు కోడ్ నంబరు వేసినట్టు.

ఈ జబ్బు మీద అలాంటి పరీక్షకు పేరు పడ్డ మొదటి మనిషి మార్షా లైనహాన్. అమెరికాలో సియాటిల్ నగరంలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసరుగా పనిచేశారు. ఆమె తయారుచేసిన పద్ధతిని డి.బి.టి. అంటారు. దాని తీరు విన్నప్పుడు నాకు బడి గుర్తొచ్చింది. వారానికోసారి చికిత్సకురాలితో విడిగా కూర్చోవాలి. వారానికోసారి ఇంకొందరితో కలిసి తరగతి ఉంటుంది. అందులో పాఠాలు నాలుగు రకాలు: ఈ క్షణంలో నిలిచి గమనించడం, బాధ పొంగినప్పుడు దాన్ని ఇంకా పెంచకుండా తట్టుకోవడం, భావాలను అదుపులో పెట్టుకోవడం, ఎదుటివాళ్లతో తెగదెంపులు కాకుండా తన మాట చెప్పుకోవడం. హోంవర్కు ఉంటుంది. రోజూ నింపే డైరీ కార్డు ఉంటుంది. మధ్యలో తట్టుకోలేని ఘడియ వస్తే ఫోన్ చేయవచ్చు. చికిత్స చేసేవాళ్లు కూడా వారం వారం కలిసి ఒకరినొకరు సరిదిద్దుకుంటారు. ఎందుకంటే ఇలాంటి రోగుల దగ్గర వైద్యులకూ ఓపిక తెగుతుంది, నాకు తెగినట్టే. హాజీ సాబ్ అడిగిన "మనమంతా లేమా" అన్నదానికి ఇది నా జవాబు. మనం మాట్లాడతాం, నిజమే. మనం చెప్పేది సలహా. "సబర్ చెయ్యమ్మా, మంచిరోజులు వస్తాయి" అంటాం, లేచి వెళ్లిపోతాం. వాళ్లు ఒక ఏడాది లేచి వెళ్లరు. "నీ బాధ నిజమే" అన్నదీ, "అయినా నువ్వు మారాలి" అన్నదీ, ఈ రెండూ ఒకే నోటితో చెప్పడమే ఆ పద్ధతి కీలకం. మనలో చాలామందికి ఒకటి చెబితే రెండోది నోట రాదు.

1991లో ఆమె తన పరీక్ష ఫలితం ప్రచురించారు. పదేపదే తమను తాము గాయపరచుకుంటున్న మహిళలు 44 మంది. సగం మందికి ఈ చికిత్స, సగం మందికి బయట మామూలుగా దొరికే వైద్యం. ఏడాది పాటు, నాలుగు నెలలకోసారి లెక్క. కొత్త చికిత్సలో ఉన్నవాళ్లు తమను గాయపరచుకోవడం తగ్గింది. చికిత్స మధ్యలో మానేసినవాళ్లు బాగా తక్కువ. మానసిక ఆసుపత్రిలో పడుకున్న రోజులు సగటున ఎనిమిదిన్నర, రెండో గుంపులో దాదాపు 39. కానీ దిగులు, నిరాశ, చచ్చిపోవాలన్న ఆలోచన, వీటిలో రెండు గుంపులకూ తేడా లేదు. ఇద్దరిలోనూ తగ్గాయి. ఈ సంగతి ఆమె దాచలేదు, ప్రచురించిన వ్యాసంలోనే రాశారు. నాకు ఆమె మీద గౌరవం కలిగింది అక్కడే. ఆ మహిళల గుండెలో బరువు వెంటనే దిగలేదు. ఆ బరువుతోనే బతికి ఉండటం నేర్చుకున్నారు.

ఎవరైనా అడగవచ్చు, "బయట దొరికే మామూలు వైద్యం నాసిరకం కావచ్చు కదా, దానితో పోల్చి గెలవడం గొప్పా?" అని. అడిగారు కూడా. అందుకని ఆమె రెండోసారి, అనుభవం ఉన్న నిపుణులు చేసే వైద్యంతోనే పోటీ పెట్టి 2006లో ఫలితం ప్రకటించారు. 101 మంది మహిళలు. రెండేళ్లలో ఆత్మహత్యకు ప్రయత్నించినవాళ్లు ఒక గుంపులో 23 శాతం, నిపుణుల గుంపులో 46 శాతం. సరిగ్గా సగం.

2011లో ఇంకో సంగతి బయటపడింది. 1961లో పదిహేడేళ్ల వయసులో మార్షా లైనహాన్ తానే ఒక మానసిక ఆసుపత్రిలో చేరి రెండేళ్లకు పైగా ఉన్నారు. తనను తాను గాయపరచుకునేవారు. యాభై ఏళ్ల తర్వాత అదే ఆసుపత్రికి వెళ్లి, అందరి ముందూ ఆ సంగతి చెప్పారు. ఇది చదివాక ఆ గులాబీ పువ్వుల పిల్ల గుర్తొచ్చి నాకు చాలాసేపు ఏ పనీ తోచలేదు.

లండన్‌లో బేట్‌మన్, ఫోనగీ అనే ఇద్దరిది వేరే దారి. ఎదుటి మనిషి మనసులో ఏముందో, నా మనసులో ఏముందో ఒక్క క్షణం ఆగి ఊహించడం నేర్పుతారు. చికిత్స మొదలైన ఎనిమిదేళ్లకు వెతికి చూస్తే, ఆ చికిత్స పొందినవాళ్లలో 13 శాతం మందిలోనే ఇంకా జబ్బు ఉంది. పొందనివాళ్లలో 87 శాతం. గొప్ప తేడానే. కానీ రెండు గుంపులూ కలిపి 41 మందే. పైగా జబ్బు తగ్గినవాళ్లు కూడా నలుగురిలో కలిసి మెలగడంలో ఇంకా వెనకబడే ఉన్నారు. బోస్టన్ లెక్క చెప్పినదీ ఇదే కదా.

ఇంతవరకు విని మీరు, "అయితే ఇంకేం, మంజూరు చేసేద్దాం" అనవచ్చు. ఆగండి. నాకు రెండు రాత్రులు నిద్ర పట్టనివ్వని పరీక్ష ఒకటుంది. అది బ్రిటన్‌లో జరిగింది.

అక్కడ వ్యక్తిత్వ రుగ్మతలున్న పెద్దవాళ్లకు ఒక చిన్న చికిత్స రూపొందించారు. ముందు కొన్ని విడి సమావేశాల్లో జబ్బు గురించి అర్థమయ్యేలా చెప్పడం, తర్వాత గుంపుగా కూర్చోబెట్టి సమస్యల్ని విడగొట్టి పరిష్కరించుకోవడం నేర్పడం. వినడానికి ఎంత బాగుంది! చవక, తేలిక, ఏడాది అక్కర్లేదు. మన సొసైటీలాంటివాళ్లు ఎగిరి గంతేసి పట్టుకునే పథకం. 2007లో 176 మంది మీద చేసిన మొదటి పరీక్షలో నెగ్గింది కూడా. అయితే అందులో పోల్చింది ఎవరితో? చికిత్స కోసం వరుసలో ఎదురుచూస్తున్నవాళ్లతో. ట్యూషన్‌ను ట్యూషన్ లేకపోవడంతో పోలిస్తే ఏ ట్యూషనైనా మంచిదిగానే కనిపిస్తుంది.

అందుకని వాళ్లు పెద్ద పరీక్ష పెట్టారు. మామూలు వైద్యానికి దీన్ని జోడించి ఒక గుంపుకి, మామూలు వైద్యం ఒక్కటే ఇంకో గుంపుకి. 306 మంది చేరాక, కొత్తవాళ్లను చేర్చుకోవడం ఆపేయాల్సి వచ్చింది. చికిత్స గుంపులోనే అవాంఛనీయ సంఘటనలు ఎక్కువ కనిపించాయి.  2016లో పూర్తి ఫలితం వచ్చింది. 72 వారాల తర్వాత చూస్తే, రోజువారీ జీవితం గడపడంలో చికిత్స పొందినవాళ్లు ఏమాత్రం మెరుగ్గా లేరు.

చికిత్స గుంపును తరచుగా కలుస్తారు కాబట్టి వాళ్ల కష్టాలు ఎక్కువ నమోదై ఉండవచ్చు. అది న్యాయమైన వాదనే. అయినా మేలు కనిపించలేదన్నది అలాగే ఉంది. మంచి మనసున్నవాళ్లు, చదువుకున్నవాళ్లు, తర్కానికి నిలిచే ఆలోచనతో, ప్రజల సొమ్ముతో చేసిన పని. "నోరు మంచిదైతే ఊరు మంచిది" అని నమ్మి పెరిగినదాన్ని నేను. మంచి మాట కూడా మేలు చేయకుండా పోవచ్చన్నది మింగుడుపడటానికి టైము పట్టింది. మందుకు దుష్ఫలితాలు ఉంటాయని ఒప్పుకున్నప్పుడు మాటకూ ఉంటాయని ఒప్పుకోవాలి. ఆలోచించి చూస్తే, ఆ రోజు తరగతిలో నా ఒక్క మాటకు కలిగిన దుష్ఫలితం నేను కళ్లారా చూడనే చూశాను. వాళ్ల పరీక్షలో మాత్రం ఒక మంచి ఉంది. అది ఓడిపోయిన సంగతి ప్రచురించారు. లేకపోతే ఆ పథకం ఎన్ని ఊళ్లకు పాకేదో!

మరి మాత్ర లేదా అంటారేమో. ఈ జబ్బు మూడ్ ఊగిసలాటకు లామోట్రిజిన్ అనే మందు పని చేస్తుందని కొన్నాళ్లు ఆశపడ్డారు. బ్రిటన్‌లోనే 276 మందిలో కొందరికి ఆ మందు, కొందరికి ఉత్తి మాత్ర ఇచ్చి ఏడాది చూశారు. 2018లో ఫలితం: తేడా లేదు. దిగులో, నిద్రలేమో తోడుగా ఉంటే వాటికి డాక్టరు మందులు ఇస్తారు. అవి మానమని నేను చెప్పడం లేదు. కానీ ఈ జబ్బుకు సూటిగా చెప్పుకోదగిన మాత్ర లేదు. ఉన్నది మాటే. 2020లో కోక్రేన్ అనే సంస్థవాళ్లు బోర్డర్‌లైన్ రుగ్మతకు మాటల చికిత్స మీద జరిగిన 75 పరీక్షలను, 4,507 మంది ఫలితాలను ఒకచోట చేర్చి చూశారు. మేలు ఉంది, కానీ ఆధారాల నాణ్యత ఇంకా గట్టిపడాలి అని తేల్చారు.

ఆ 75లో ఏ పద్ధతి గొప్పది? కెనడాలోని టొరంటోలో 180 మంది మీద డి.బి.టి.కి పోటీగా, ఒక ప్రణాళిక ప్రకారం క్రమం తప్పకుండా మామూలు మానసిక వైద్యులు చేసే చికిత్సను పెట్టారు. 2009లో ఫలితం వచ్చింది. రెండు గుంపులూ బాగుపడ్డాయి, తేడా లేదు. నా మటుకు నేను దీన్ని ఇలా అర్థం చేసుకున్నాను. పేరు కంటే క్రమం ముఖ్యం. శిక్షణ పొందిన మనిషి, ముందే చెప్పిన పద్ధతి, ఏడాది పాటు మానకుండా రావడం, ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఏం చేయాలో ముందుగానే అనుకుని ఉండటం. బడి నడిచేదీ వీటితోనే.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. నేను చెప్పిన పరీక్షలన్నీ ఇంగ్లీషులోనో, మరో పరాయి భాషలోనో జరిగినవి. మాటే మందు అయినప్పుడు ఏ భాషలో మాట అన్నది చిన్న సంగతి కాదు. మన ఇళ్లలో తల్లి "దిల్ ఘబ్రారహా హై" అంటుంది. కూతురు బయట "మనసు బాగోలేదు" అంటుంది. డాక్టరు దగ్గర ఇద్దరూ "తలనొప్పి" అంటారు. అది భయమా, సిగ్గా, కోపమా, ఎవరో వదిలేశారన్న దుఃఖమా అని విడదీయడంతోనే ఈ చికిత్స మొదలవుతుంది. పక్కన అనువాదం చేసే మనిషిని పెట్టుకుని చేసే పని కాదు. కాబట్టి ఆ అమ్మాయి ఏ భాషలో ఏడుస్తుందో ఆ భాష తెలిసిన సైకాలజిస్టు కావాలి. బోర్డు పెట్టుకున్న ప్రతి కౌన్సిలరూ పనికిరాడు. క్లినికల్ సైకాలజిస్టుకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషను ఉండాలి. ఆ నంబరు అడగడం మన హక్కు. స్టెంటు వేసే డాక్టరు డిగ్రీ చూడకుండా మనం చెక్కు రాయం కదా.

దాతల్లో చాలామందికి తెలియని రెండు సంగతులు చెప్పి ముందుకు వెళ్తాను. 2017 మానసిక ఆరోగ్య రక్షణ చట్టం ప్రకారం, ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, కేసు పెట్టి శిక్షించకూడదు. పోలీసుల భయంతో ఆసుపత్రికి తీసుకెళ్లకుండా ఇంట్లో దాచుకునే కుటుంబాలు ఇంకా ఉన్నాయి. రెండోది, టెలి మానస్ అనే ప్రభుత్వ ఫోన్ సేవ. నంబరు 14416. ఏ వేళలోనైనా చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు, డబ్బు పడదు. ఈ కాగితం వెనక ఆ నంబరు వేయించాను, ఇంటికి తీసుకెళ్లండి. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ, విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక వైద్యశాల మీకు తెలిసినవే. ఆ పేర్లు తిట్టుగా వాడటం మనం మానేస్తే, అక్కడికి వెళ్లవలసినవాళ్లు త్వరగా వెళ్తారు.

దరఖాస్తు మీద కమిటీకి నేను రాసి ఇచ్చింది ఇది. సాయం చేయాలి. మూడు నెలలకు ఇచ్చి చూద్దాం అనే పద్ధతి ఇక్కడ కుదరదు. వదిలేస్తారేమో అన్న భయమే జబ్బు అయినప్పుడు, మధ్యలో ఫీజు ఆపేస్తే మనమే ఆ జబ్బుకు ఒక డోసు వేసినట్టు. కాబట్టి ఏడాది సొమ్ము ముందే పక్కన పెట్టాలి. సియాటిల్‌లో చేసినట్టు నాలుగు నెలలకోసారి లెక్క చూడాలి. ఎన్ని వారాలు వెళ్లింది, ఆసుపత్రిలో ఎన్ని రోజులు పడుకుంది, మళ్లీ పనిలో చేరగలిగిందా, ఈ మూడే. లోపల ఏం మాట్లాడుకున్నారో అడిగే హక్కు డబ్బు ఇచ్చినవాళ్లకు లేదు. మేలు కనిపించకపోతే అది ఆ అమ్మాయి బుద్ధి దోషమని రాయకుండా, చికిత్స పనిచేయలేదని రాసి, ఇంకో దారి చూడాలి. కమిటీ ఈ వారంలో కూర్చుంటుంది. ఏం తేలుస్తారో నాకు తెలియదు.

 

(ఈ పాఠం ప్రెస్సుకు పంపే ముందురోజు హాజీ సాబ్ ఫోన్ చేశారు. దరఖాస్తులో ఒక తప్పు పట్టుకున్నానన్నారు. "వాళ్లమ్మ బీడీలు చుడుతుంది కదా బేటీ. వారానికో రోజు కూతురితో వెళ్తే ఆ రోజు కూలి పోతుంది. ఆ డబ్బు ఇందులో ఎందుకు రాయలేదు?" అని అడిగారు. రాసి పంపాను.)